అజ్ఞాతవాసమునకు గడువు

(తుళ్లూరు పఠనాలయ సభయందు గావించిన ప్రసంగపాఠము)



నేటి సభకు మేమెంచుకొనిన విషయము మీలో కొందరికి వింతగా దోచియుండును. ప్రత్తిధరను గూర్చి గాని, మిరపతోటకు పట్టిన తెగులును గూర్చి గాని, రాజధాని భూములను గూర్చి గాని చెప్పక, కొలువు చాలించుకొనిన వేగులవానిని గూర్చి చెప్పుటేమని మీరడుగవచ్చును. అట్టివాడు మా ఊర లేడు, మా వీథిలో లేడు అనవచ్చును. ఉన్నను మీకు తెలియదు; తెలియకుండుటయే అతని వృత్తి. కాని ప్రభుత్వమునకును పౌరునకును నడుమ జరుగు ఒడంబడికలన్నిటిలో అతని ఒడంబడిక మిక్కిలి చీకటిలో జరుగునది. సాక్షి లేనిచోట ఒక ప్రభుత్వము ఎట్లు నడచుకొనునో తెలిసికొనదలచినవారు అతని కథను విచారింపవలెను. కావున ఇది మన విషయమే.

వేగు పెట్టుట పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య కాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున గూఢపురుషులను తొమ్మిది తెగలుగా విభజించెను. శిష్యవేషము వేసినవాడు, సన్న్యాసము నుండి జారినవాడు, సేద్యము చెడిన కర్షకుడు, బేరము చెడిన వర్తకుడు, తాపస వేషధారి. ఈ యైదుగురును ఒక్కచోట కుదురుగా నుండి వార్తలరయువారు. తక్కిన నాలుగు తెగలవారు సంచారము చేయువారు. అందు భిక్షుకి యొకతె. ముగ్గురు వేర్వేరుగా తెచ్చిన మాట ఒక్కటియైనప్పుడే దానిని నమ్మవలెనని నియమము. ఈ పట్టికలో మాకు గుచ్చుకొనిన మాటలు రెండు గలవు: సేద్యము చెడినవాడు, బేరము చెడినవాడు. అనగా గూఢచారిని దేశభక్తి పుట్టించినట్లే అప్పు కూడ పుట్టించును. పంట పోయి, వడ్డీ పెరిగి, దిక్కుతోచక కూర్చున్న మనిషి గుమ్మమునకు సర్కారు మనిషి వచ్చి మెల్లగా మాటలాడినప్పుడు కాదనుట ఎంత కష్టమో ఈ నల్లరేగడి నేలవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

కఠినుడని పేరుపడిన ఆ కౌటిల్యుడే జీతబత్తెముల ప్రకరణమున వేగులవారిని మరువలేదు. కుదురుగా నుండువారికి వేయి పణములనియు, సంచారము చేయువారికి ఐదువందలనియు లెక్క వ్రాసెను. పని మీద మరణించిన భృత్యుని భార్యాబిడ్డలకు బత్తెమును వేతనమును ముట్టవలెనని అదే ప్రకరణమున విధించెను. ఇరుపక్షముల జీతము తినుటకు పంపబడినవాని ఆలుబిడ్డలను రాజు తన చేతిలో నుంచుకొనవలెనని చెప్పినవాడును ఆయనయే. కాఠిన్యము గలదు, కాని దాని ప్రక్కనే లెక్కయు గలదు. తరువాతి ప్రభుత్వములు కాఠిన్యమును నిలుపుకొని లెక్కను మాత్రము జారవిడిచినవి.

ఇక భారతము. తిక్కన సోమయాజి తాత మంత్రి భాస్కరుడు మన గుంటూరుతో పేరు ముడివడినవాడు. ఆ మనుమడు తెనిగించిన విరాటపర్వము వినని తెలుగువారరుదు. పాండవులు ఏడాది కాలము పరుల కొలువున పేరు మార్చుకొని బ్రతికిరి. ధర్మరాజు కంకుడయ్యెను, భీముడు వంటలవాడయ్యెను, గాండీవము జమ్మిచెట్టెక్కెను. దుర్యోధనుని చారులు దేశమెల్ల గాలించి వట్టిచేతులతో తిరిగివచ్చిరి. ద్రౌపది పడిన అవమానముతో గూడ ఆ యేడాదిని వారెట్లు భరించిరి? గడువు ముందే తెలిసియుండుటచేత భరించిరి. గడువు నిండినంతనే అర్జునుడు అదే జమ్మిచెట్టు దగ్గర ఉత్తరునకు తన పది పేర్లును తానే చెప్పుకొనెను. గడువు గల అజ్ఞాతవాసము వ్రతము. గడువు లేనిది శిక్ష. మేము నేడు చెప్పదలచినది ఈ యొక్క మాటయే. వేగులవాని అజ్ఞాతవాసమునకు గడువుండవలెను. గడువు ముగిసినవానిని మరల పిలువవలసివచ్చినచో, ఋణము వ్రాసికొని పిలువవలెను.

ఒకసారి బయటపడినవాడు మరల ఆ పనికి ఏల పోవును? మాకు మూడు పగ్గములు కనబడుచున్నవి: సర్కారు అవసరము, సొంత అభిమానము, కూటికి లేమి.

మొదటి దానికి నైన్ సింగ్ రావత్ కథ సాక్ష్యము. ఆయన కుమావూను కొండలలోని మిలం గ్రామపు బడిపంతులు. టిబెట్టులో తెల్లవారికి ప్రవేశము లేని దినములలో, 1863లో, సర్వే శాఖవారు ఆయనను డెహ్రాడూనులో తరిఫీదు చేసిరి. అడుగు కొలత తప్పకుండ నడచుట నేర్పిరి. నూటయెనిమిది పూసల జపమాలకు మారుగా నూరు పూసల మాల యిచ్చి, నూరడుగులకొక పూస జరుపుమనిరి. ప్రార్థనచక్రములో మంత్రము వ్రాసిన కాగితముండవలసినచోట లెక్కల కాగితము పెట్టిరి. ఆ పంతులు 1866 జనవరిలో లాసా నగరము చేరెను. తరువాత చిన్నవారికి ఆ విద్య గరపుచుండిన ఆయనను మరల పిలిచిరి. 1874లో లేహ్ నుండి బయలుదేరి, లాసా మీదుగా, 1875లో అస్సాము చేరెను. అప్పటికి దేహము చెడెను, చూపును దెబ్బతినెను. 1877లో లండను భూగోళ సంఘమువారు స్వర్ణపతకమిచ్చిరి. సర్కారువారు ఒక గ్రామపు ఆదాయమిచ్చిరి. ఇది పరప్రభుత్వము చేసిన పనియే. అయినను ఇచ్చినది వ్రాసి యిచ్చిరి.

అదే శాఖలో పనిచేసిన కింథప్ గతి వేరు. సిక్కిము వాసి, చదువురానివాడు. ఒకసారి టిబెట్టు పోయి వచ్చినవానినే 1880లో మరల ఒక లామాకు తోడుగా పంపిరి. సాంగ్పో నదియే బ్రహ్మపుత్ర అగునో కాదో తేల్చుట వారి పని. ఆ లామా ఇతనిని దారిలో బానిసగా అమ్మివేసి తన దారిన పోయెను. కింథప్ తప్పించుకొని, ఒక మఠమున ఆశ్రయము పొంది, పంపినవారు చెప్పిన పని మరువక, దుంగలు నరికి గుర్తులు పెట్టి, దినమునకు 50 చొప్పున పదిదినములు 500 దుంగలు నదిలో విడిచెను. దుంగలు వచ్చుచున్నవని ముందుగా పంపిన జాబు చేరవలసినవారికి వేళకు చేరలేదు; దిగువన కనిపెట్టి చూచినవారు లేరు. నాలుగేండ్లకు ఇల్లు చేరినవాని మాటను పెద్దలు పలువురు నమ్మలేదు. అతడు డార్జిలింగులో కుట్టుపని చేసికొని బ్రతికెను. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అను ఉద్యోగులు ఆ లోయకు పోయి చూచి అతడు చెప్పినది చాలవరకు నిజమని తేల్చిరి. అతనికి పింఛను ఇప్పింపవలెనని బెయిలీ అడిగెను. సర్కారువారు పింఛను కాదని వేయి రూపాయలు ఒక్కమారుగా ఇచ్చి చేతులు దులుపుకొనిరి. ముసలివాడు పిమ్మట ఎక్కువకాలము బ్రతుకలేదు. ఏరు దాటి తెప్ప తగులబెట్టుట యనగా ఇదియే.

రెండవ పగ్గము అభిమానము. చింత చచ్చినను పులుపు చావదందురు. ఇంగ్లండు కొలువులో పేరుమోసిన సిడ్నీ రైలీ 1920 దశకపు తొలినాళ్లలోనే కొలువునకు దూరమయ్యెను. కాని తానులేక ఆ పని సాగదను నమ్మకము ఆయనను వీడలేదు. రష్యా గూఢచారిశాఖవారు ఈ బలహీనతను కనిపెట్టి, తమ ప్రభుత్వమును కూలద్రోయు రహస్యసంఘమొకటి కలదని తామే నాటకమాడి, ఆయనను ఊరించిరి. 1925 సెప్టెంబరులో ఫిన్లండు సరిహద్దు దాటిన రైలీ మరల దాటలేదు. నవంబరు 5న కాల్చి చంపబడెను. కొలువు విడిచినవానికి కొలువు ఎరగా పనిచేయును.

ఇచ్చట హైదరాబాదుతో సంబంధించిన కథ యొకటి చెప్పవలెను. సరోజినీదేవి సోదరుడు వీరేంద్రనాథ చట్టోపాధ్యాయుడు 1880లో హైదరాబాదున జన్మించి, ఐరోపాలో భారత స్వాతంత్ర్యమునకై పాటుపడినవాడు. మొదటి మహాయుద్ధకాలమున ఇంగ్లండు వేగులవారు ఆయన వెంట పడిరి. ఆ వేగు శాఖలో స్విట్జర్లండున పనిచేసినవాడు సోమర్సెట్ మామ్ అను రచయిత. ఈయన ఆ పని చాలించుకొని పోగా, 1917లో మరల పిలిచి రష్యాకు పంపిరి. ఊపిరితిత్తుల జబ్బుతోనే పోయెను. తిరిగివచ్చి వైద్యశాలలో చేరెను. తరువాత 1928లో తన అనుభవములను కథలుగా అచ్చువేసికొనెను. అందొక కథలోని భారతీయ దేశభక్తుని పాత్రకు మన చట్టోపాధ్యాయుడే మూలమని చెప్పుదురు. రచయితకు కలమను వేరొక జీవనాధారముండెను. కావున వేగు పని నుండి తన పేరుతో బయటపడెను. వేటాడబడిన దేశభక్తుడు హైదరాబాదు మరల చూడలేదు. ఏ దేశమును నమ్మి ఆశ్రయించెనో ఆ రష్యాలోనే 1937లో చంపబడెను.

మన ప్రాంతమువాడే దరిసి చెంచయ్యగారు. కనిగిరివారు. 1912లో అమెరికాకు చదువునకు పోయి, 1913లో పుట్టిన గదర్ పార్టీలో చేరి, సయాము మీదుగా బర్మాలో ప్రవేశింపదలచిన రహస్య ప్రయత్నమున పట్టుబడి, కొన్నేండ్లు చెరసాలలలో మ్రగ్గిరి. ఆయన జీతము పుచ్చుకొనిన గూఢచారి కారు. అయినను మారుపేరు, దొంగదారి, పట్టుబడిన చెర అను మూడును చవిచూచినవారు. విడుదలయైన పిమ్మట సంఘసంస్కరణమున బహిరంగముగా పాటుపడి, తన కథను "నేనూ నా దేశం" అను పేర తానే వ్రాసికొనిరి. ఉద్యమము ఆయన పేరు ఆయనకు మరల ఇచ్చెను. గాంధీమహాత్ముడును 1944లో చెర వీడివచ్చిన పిమ్మట, 1942 నుండి అజ్ఞాతమున నున్న కార్యకర్తలను బహిరంగమునకు రండని ఉపదేశించెను. ఆయుధము లేని మన ఉద్యమము కూడ అజ్ఞాతవాసమునకు గడువుండవలెనని గ్రహించెను. సైన్యములును ఖజానాయు గల ప్రభుత్వమునకు అది గ్రహింపరానిది కాదు.

మూడవ పగ్గము కూడు. దీనిని గూర్చి న్యాయస్థానములు చెప్పినది వినుడు; మా వృత్తి సంబంధమైన సంగతి గనుక కొంచెము వివరింతుము.

అమెరికా అంతర్యుద్ధమున, 1861లో, విలియం లాయిడ్ అనునాతడు అధ్యక్షుడు లింకనుతోనే నేరుగా ఒడంబడి, నెలకు 200 డాలర్ల జీతముపై శత్రురాష్ట్రములలో తిరిగి సేనల సంఖ్యలు, కోటల పటములు పంపెను. యుద్ధము ముగిసిన పిమ్మట ఖర్చులు మాత్రమే ముట్టినవి. అతడు చనిపోగా, అతని ఆస్తికి నిర్వాహకుడైన టాటెన్ దావా తెచ్చెను. 1876లో ఆ దేశపు సుప్రీముకోర్టు ఏమనెను? ఒడంబడిక చేయుటకు అధ్యక్షునకు అధికారము కలదు. కాని రహస్యముగా నుంచుటయే దాని ప్రాణము గనుక, దావా వేయుటయే ఆ ఒడంబడికను భంగపరచుట. కావున దావా చెల్లదు అనెను. అనగా, బాకీ ఉన్నదేమో, అడుగుటకు నోరు మాత్రము లేదు.

ఆ తీర్పు 2005లో మరల నిలిచెను. అన్యదేశపు దౌత్యోద్యోగి యొకడు భార్యతో గూడ తమ దేశము విడిచి అమెరికాలో శరణు కోరగా, అమెరికా గూఢచారిశాఖవారు, కొంతకాలము మీ చోటనే యుండి మాకు వేగు తెండు, పిమ్మట జీవితాంతము మేము చూచుకొందుమని ఒప్పించిరని ఆ దంపతుల వాదము. తరువాత వారిని అమెరికాలో కొత్త పేర్లతో నిలిపిరి. భర్తకు బ్యాంకులో పని దొరకగా భత్యము నిలిచెను. 1997లో ఆ పని పోగా శాఖవారిని అడిగిరి. శాఖవారు డబ్బు లేదనిరి. కోర్టు పాత తీర్పునే చూపి వారి దావాను త్రోసివేసెను. పాత బ్రతుకు పోయినది. కొత్త పేరుతో పాత అనుభవమును చూపి ఉద్యోగమడుగుటకు వీలులేదు. ఇట్టివాని గుమ్మమునకు మరల ఒక మనిషి వచ్చి, ఇంకొక్క పని కలదన్నచో, ఆ దినము వంటింటిలో నున్న బియ్యమును చూచి వాడు జవాబు చెప్పును.

మన దేశమున? రాజస్థానమునకు చెందిన తపాలాశాఖ ఉద్యోగి యొకడు తన్ను 1970 దశకమున గూఢచారిశాఖవారు పాకిస్తానుకు పంపిరనియు, రెండుమారులు పని ముగించుకొని వచ్చితిననియు, మూడవమారు 1976లో పట్టుబడితిననియు చెప్పుకొనెను. అక్కడ పదునాలుగేండ్ల శిక్ష పడెను. ఇక్కడ, పనికి రాలేదను కారణముచే 1980లో తపాలా ఉద్యోగము తీసివేసిరి. విడుదలయై వచ్చి ఏండ్ల తరబడి కోర్టులు తిరిగెను. అతనితో తమకేమియు సంబంధము లేదని ప్రభుత్వ న్యాయవాది చెప్పెను. 2022 సెప్టెంబరులో మన సుప్రీముకోర్టు అతనికి 10 లక్షల రూపాయలిమ్మని ఆజ్ఞాపించెను. అయితే హక్కుగా గాక దయాధర్మముగా. అమెరికా కోర్టు మూసిన తలుపును మన కోర్టు కొంత తెరచెను, అందుకు సంతసింతము. కాని ఋణమైనదానిని భిక్షగా పుచ్చుకొని ఇంటికి పోవలసిన ముసలివాని మనసును గూర్చి కూడ ఆలోచింపవలెను.

పెద్దలకు ఈ బాధ లేదు. రామేశ్వర్ నాథ్ కావ్‌గారు 1968లో విదేశీ గూఢచారిశాఖను నెలకొల్పి, 1977లో విరమించి, 1980 దశకమున ప్రధానమంత్రికి భద్రతా సలహాదారుగా తిరిగివచ్చిరి. అజిత్ డోవల్‌గారు 2005లో ఇంటెలిజెన్సు బ్యూరో అధిపతిగా విరమించి, 2014లో జాతీయ భద్రతా సలహాదారుగా నియమింపబడిరి. వారికి నియామకపత్రము కలదు, పదవి కలదు, జీతము కలదు. ఇది తప్పని మేమనము. ఇదియే తగిన పద్ధతి యందుము. పెద్దవానిని పిలుచునప్పుడు కాగితముతో పిలువ నేర్చిన ప్రభుత్వము చిన్నవానిని పిలుచునప్పుడు కాగితమును మరచుట ఏమి న్యాయము?

కాగితము విలువ ఈ తుళ్లూరువారికి తెలిసినట్లు మరెవ్వరికి తెలియును? 2015లో ఈ చుట్టుపట్ల 29 గ్రామముల రైతులు 33,000 ఎకరములకు పైగా భూమిని రాజధానికై సమీకరణపద్ధతిని ఇచ్చిరి. మూడు పంటలు పండు భూములను వట్టి మాటపై ఇచ్చినవారు కారు. ప్రభుత్వముతో ఒప్పందపత్రములు వ్రాసికొనిరి. 2019 డిసెంబరులో రాజధానిని మూడుచోట్లకు పంచు ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆ పత్రములను చేతబట్టుకొని హైకోర్టుకెక్కిరి. ప్రభుత్వము తాను వ్రాసియిచ్చిన ఒప్పందమునకు కట్టుబడవలెనని 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు చెప్పెను. అందులోని గడువులను ఆ యేడాది నవంబరులో సుప్రీముకోర్టు నిలిపినను, రైతు తన మాట చెప్పుకొనుటకు ఒక నెలవు దొరికెను గదా! వేగులవానికి ఆ పత్రము లేదు, ఆ నెలవు లేదు.

మన రాజ్యాంగపు 299వ అధికరణము చొప్పున, కేంద్రప్రభుత్వపు ఒడంబడికలు రాష్ట్రపతి పేర వ్రాతపూర్వకముగా నుండవలెను. కావున చీకటిలో చేసిన నోటిమాట చట్టము ముందర నిలువదు. అయితే 1872 నాటి ఒడంబడికల చట్టమున 70వ సెక్షను గలదు: ఉచితముగా గాక ఒకడు చేసిన పని వలన మేలు పొందినవాడు ప్రతిఫలమీయవలెను. పశ్చిమ బెంగాలు ప్రభుత్వముపై బి. కె. మండల్ తెచ్చిన వ్యాజ్యమున, 1962 నాటి నివేదికలలో చేరిన తీర్పులో, సుప్రీముకోర్టు ఈ నియమమును ప్రభుత్వమునకు గూడ వర్తింపజేసెను. గోదాము కట్టించుకొనిన ప్రభుత్వము సొమ్ము చెల్లింపవలెనన్నచో, ప్రాణమొడ్డించుకొనిన ప్రభుత్వము చెల్లింపనక్కరలేదా?

రహస్యము బయటపడిన దేశమునకు కీడని కొందరందురు. ఆ భయము నిజమైనదే. దానిని మేము తేలికచేయము. 2005 నాటి సమాచారహక్కు చట్టము గూఢచారిశాఖలను మినహాయించెను. అయినను అవినీతి, మానవహక్కుల భంగము అను రెండింటికి మినహాయింపు లేదనెను. 2021లో పింఛను నిబంధనలను సవరించి, ఈ శాఖలలో విరమించినవారు అనుమతి లేక తమ వృత్తివిషయములు ప్రకటింపరాదని కట్టడి చేసిరి. నోరు మూసికొనుమనుటకు నిబంధన వ్రాయగలిగినవారు, నోరు మూసికొనినవాని కడుపు నింపుటకు నిబంధన వ్రాయలేరా? ఇంగ్లండున 2000 సంవత్సరపు చట్టముచే, ఈ శాఖలపై ఫిర్యాదులను తలుపులు మూసి వినగల ప్రత్యేక న్యాయస్థానమొకటి ఏర్పడెను. రహస్యము నిలిచియే యున్నది. అడుగుటకు చోటును గలదు.

కావున మేము కోరునది స్వల్పము. జీతముపై గాని, మాటపై గాని సరిహద్దు దాటించు ప్రతి మనిషి పేరును ముద్రవేసిన పుస్తకమున వ్రాయవలెను. ఎంతకాలము, ఎంత ప్రతిఫలము, పట్టుబడినచో ఆలుబిడ్డలకేమి అనునది అందే వ్రాయవలెను. గడువు ముగిసినవానికి మరల కబురు వచ్చినప్పుడు కాదనుటకు హక్కుండవలెను. కాదన్నందుకు పింఛనుకు గాని పరువునకు గాని భంగము రాకూడదు. వివాదము వచ్చినచో తలుపులు మూసి విను న్యాయమూర్తి యొకడుండవలెను. గూఢచారిశాఖలకు చట్టమొకటి కావలెనని 2011లో లోకసభ సభ్యుడు మనీశ్ తివారీగారు సొంతముగా బిల్లు తెచ్చిరి. అది చట్టము కాలేదు. దానిని మరల తలపెట్టుమని మన ప్రతినిధులనడుగుట మన పని.

సోదరులారా! కరవుమన్న కప్పకు కోపము, విడువుమన్న పాముకు కోపము అనునట్లు, రెండు దేశముల నడుమ నలుగువాడు వేగులవాడు. పట్టినవారు శత్రువందురు, పంపినవారు ఎరుగమందురు. అతని పనిని పొగడుటకు మేము రాలేదు. ఆ పని లేని లోకము వచ్చిన మేమును సంతోషింతుము. అంతవరకు, మన పేర పంపబడినవాడు మనవాడే. మీలో ఓటు గలవారందరును, మీ ప్రతినిధి ఈ ఊరికి వచ్చినప్పుడు, రోడ్లను గూర్చి, నీటిని గూర్చి, ప్రత్తిధరను గూర్చి అడిగిన పిమ్మట, ఈ యొక్క ప్రశ్న కూడ అడుగుడు: మా పేర మీరు చీకటిలోనికి పంపినవారి లెక్క ఎక్కడ వ్రాసియున్నది?